ఎదుటోళ్ళ మాట వాళ్ళే ఒప్పుకునేలా చెప్పు: చిత్తూరు డిగ్రీ కాలేజీ నుంచి ఒక కేస్ స్టడీ

నేను చిత్తూరులో డిగ్రీ పిల్లలకి ఎకనామిక్స్ చెప్తా. ఈ కేసు ఒక బీఎస్సీ కంప్యూటర్స్ కుర్రాడిది, మైనర్‌గా, అంటే రెండో సబ్జెక్టుగా, ఎకనామిక్స్ తీసుకున్నాడు. పేరు రాయను, బంగారుపాళ్యం వైపు అని మాత్రం చెప్తా, ఆ వైపు ఊళ్ళన్నీ మామిడి తోటలే కాబట్టి దాన్నిబట్టి ఎవరనేది తెలీదు. రాసింది ముందు వాడికే చూపించా, రెండు మూడు చోట్ల మార్పించాడు కూడా.

డిగ్రీ చదువు దేనికి అని ఎవరన్నా అడిగితే మన దగ్గర రెండే జవాబులున్నాయి, ఒకటి ఉద్యోగం, రెండోది స్టేజీ మీద చెప్పే విలువలు. ఈ రెంటి మధ్యలో ఇంకోటి ఉంది, మనిషి ఆలోచించే తీరు మారడం, దాంతోపాటు మనిషీ కొంచెం మారడం. అది ఎట్లా జరుగుతుంది, ఎంతవరకు జరుగుతుంది అనేది ఒక్క పిల్లోడి విషయంలో దగ్గరుండి చూశాను కాబట్టి వివరంగా రాస్తున్నా.

వచ్చినప్పుడు ఎట్లా ఉండేవాడు

ఇంటర్ ఎంపీసీ ఒక రెసిడెన్షియల్ కాలేజీలో చదివాడు, తెల్లారకముందే లేపి రాత్రి పడుకునేదాకా స్టడీ అవర్స్ నడిపే రకం. ఈఏపీసెట్‌లో ర్యాంకు ఎక్కడికో పోయింది, ఇంట్లో డబ్బులు అంతంతమాత్రం, డిగ్రీకి వచ్చాడు. తెలివితక్కువోడు అస్సలు కాదు. ఇంటర్నల్స్‌లో మార్కులు బాగానే వచ్చేవి. కానీ గైడ్‌లో ఉన్న ప్రశ్నని కొంచెం తిప్పి అడిగితే పెన్ను ఆగిపోయేది. డిమాండ్ సూత్రం నిర్వచనం అక్షరం పొల్లుపోకుండా రాస్తాడు, పాల రేటు పెరిగితే మీ ఊరి టీ అంగడాయన ఏం చేస్తాడ్రా అంటే "అది సిలబస్‌లో ఉందా మేడం" అంటాడు.

రెండో సమస్య కోపం. తనకి నచ్చని మాట ఎవరన్నా మొదలుపెడితే సగంలోనే అందుకుని గొంతు పెంచేవాడు, అవతలోళ్ళు ఏం చెప్పబోయారో పూర్తిగా వినేవాడే కాదు, క్లాసు వాట్సాప్ గ్రూపులో కూడా ఇదే వరస, ఇద్దరు ముగ్గురు ఆడపిల్లలు వీడున్న గ్రూపులో మెసేజ్ పెట్టడమే మానేశారు.

స్టాఫ్ రూమ్‌లో వీటిని రెండు వేరువేరు సమస్యలుగా చూసేవాళ్ళు. ఒకటి చదువుది, ఇంకోటి బిహేవియర్‌ది. ఒకదానికి రెమిడియల్ క్లాసు, ఇంకోదానికి కౌన్సెలింగ్. నాకు మాత్రం రెండూ ఒకే చోట నుంచి వస్తున్నాయని గట్టిగా అనిపించేది. జవాబు ముందే తయారుగా ఉంటుంది, మనం చెయ్యాల్సింది దాన్ని అప్పజెప్పడమే అని ఏళ్ళ తరబడి నేర్పితే, పరీక్షలో కొత్త ప్రశ్న వచ్చినప్పుడు పిల్లోడు బిగుసుకుపోతాడు, మనుషుల దగ్గర కొత్త మాట వినపడినప్పుడు కోపం తెచ్చుకుంటాడు. రెండు చోట్లా వాడికి లేనిది ఒకటే, ఆగి ఆ మాటని అటూ ఇటూ తిప్పి చూసే అలవాటు.

ఈ చదువు గురించి పెద్దోళ్ళు ఏమన్నారు

1828లో అమెరికాలో యేల్ కాలేజీ వాళ్ళు ఒక రిపోర్టు రాశారు. గ్రీకు, లాటిన్ ఎందుకు, పనికొచ్చేవి చెప్పండి అని అప్పట్లో వాళ్ళ మీద ఒత్తిడి. వాళ్ళ జవాబు ఏంటంటే చదువు చేసే పనులు రెండు, బుద్ధికి కసరత్తు ఇవ్వడం, బుద్ధిలోకి సరుకు నింపడం, ఈ రెంట్లో కసరత్తే ముఖ్యం అని. 1852లో న్యూమన్ అనే పాదిరీ డబ్లిన్‌లో యూనివర్సిటీ గురించి వరుసగా లెక్చర్లు ఇచ్చాడు, జ్ఞానం ఇంకోదాని కోసం కాదు, దానికదే ప్రయోజనం అన్నాడు. అయితే అదే మనిషి, బుద్ధి పదునెక్కినంత మాత్రాన గుణం వచ్చేయదు, రెండూ వేరు అని కూడా ఖరాఖండిగా చెప్పాడు. ఈ రెండో మాటని చాలామంది వదిలేస్తారు. నాకు ఈ కేసు మొత్తంలో అడ్డం తగిలింది అదే.

మన దేశంలో 1948లో యూనివర్సిటీ ఎడ్యుకేషన్ కమిషన్ వేశారు, చైర్మన్ రాధాకృష్ణన్ గారు, చిన్నప్పుడు తిరుపతిలో మిషన్ స్కూల్లో చదువుకున్న మనిషి. డిగ్రీలో అందరికీ జనరల్ ఎడ్యుకేషన్, అంటే సొంత సబ్జెక్టుతో పాటు మిగతా విషయాలూ కొంత చదవడం, ఉండాలని ఆ కమిషన్ అప్పుడే చెప్పింది. 2020 జాతీయ విద్యా విధానంలోనూ తిరిగి అదే మాట. టైమ్ టేబుల్లోకి దిగేసరికి అది ఒక చిన్న కోర్సు అవుతుంది, మర్నాటికి దానికీ ఒక గైడ్ మార్కెట్లోకి వస్తుంది.

నా బాధ ఇక్కడ చెప్పకుండా ఉండలేను. మా పాత జిల్లాలోనే, మదనపల్లె దగ్గర, జిడ్డు కృష్ణమూర్తి గారి రిషి వ్యాలీ స్కూలు ఉంది, వాళ్ళు చుట్టుపక్కల పల్లె పిల్లలకి కూడా స్కూళ్ళు నడుపుతారు, అది గొప్ప విషయం. కానీ బయట జనం మనసులో పడిపోయింది ఏంటంటే, ప్రశ్నలడిగే చదువు కలిగినోళ్ళ పిల్లలకి, మనోళ్ళకి ఏదో ఒక స్కిల్ చాలు అని. మామిడి రైతు కొడుక్కి టైపింగ్ చాలని ఎవరు తేల్చారు? వాడికి ఓటు లేదా, వాడు రేపు ఒక ఇంటికి పెద్ద కాడా, వాడి ఊళ్ళో తగాదా వస్తే వాడు ఒక మాట చెప్పాల్సిన అవసరం రాదా? ఈ చదువు అందరికంటే ఎక్కువ అవసరం వాడికే అని నేను నమ్ముతా.

ఏం చేశాం

శనివారం మధ్యాహ్నాలు ఒక గ్రూపు పెట్టాం. మార్కులు లేవు, సర్టిఫికెట్ లేదు. మొదట సాయంత్రం అనుకున్నాం కానీ పల్లెలకి పోయే ఆడపిల్లలకి బస్సు దొరకదని లంచ్ తర్వాతకి మార్చాం, అసలు ఆ మార్పు లేకపోతే గ్రూపులో మగపిల్లలే మిగిలేవాళ్ళు.

రూలు ఒక్కటే. ఎదుటోళ్ళు చెప్పిన మాటని ముందు నువ్వు తిరిగి చెప్పాలి, వాళ్ళు "అవును, నేనన్నది ఇదే" అనాలి, ఆ తర్వాతే నీ వంతు. ఇది నేను కనిపెట్టింది కాదు. పూర్వపక్షం, అంటే ఎదుటోళ్ళ వాదన, చెప్పకుండా సిద్ధాంతం, అంటే మన నిర్ణయం, చెప్పకూడదనేది మన శాస్త్రాల్లో పాత పద్ధతి, తిరుపతి సంస్కృత యూనివర్సిటీలో న్యాయం, మీమాంస అనే శాస్త్రాలు చదివే పిల్లలకి ఇది రోజువారీ పని. దాన్ని మా పిల్లల మాటల్లోకి దించా, అంతే.

మొదట తీసుకున్నది మహాభారతం సభాపర్వంలో ద్రౌపది ప్రశ్న. కథ అందరికీ తెలుసు, టీవీలో చూశారు, వాళ్ళకి కథంతా చీర దగ్గరే ఉంది, దానికి ముందు సభలో నడిచిన వాదన ఒక్కరికీ గుర్తులేదు. పిలవడానికి వచ్చిన దూత ప్రాతికామిని ద్రౌపది అడిగింది ఒకటే, ధర్మరాజు ముందు తనని ఓడాడా, నన్ను ఓడాడా, పోయి కనుక్కుని రా అని. భీష్ముడు ధర్మం సూక్ష్మం, తేల్చలేను అంటాడు, తనని తాను ఓడినోడికి ఇంకొకరిని పందెం పెట్టే హక్కు లేదు, కానీ భార్య భర్త అధీనం అంటారు కదా అని అక్కడ ఆగిపోతాడు. దుర్యోధనుడి తమ్ముడు వికర్ణుడు లేచి కారణాలు చెప్తాడు, జూదం వ్యసనంలో ఉన్నోడు చేసింది చెల్లదు, ఆమె అయిదుగురికీ భార్య, ఆయన అప్పటికే ఓడిపోయున్నాడు, పైగా ఆమెని పెట్టమని రెచ్చగొట్టింది శకుని, అందుకే గెలిచినట్టు కాదు అని. దానికి కర్ణుడు అడ్డం తిరుగుతాడు, సర్వస్వం ఒడ్డినప్పుడే ఆమె అందులో పోయింది, అదీకాక పేరు పెట్టి మరీ ఒడ్డాడు, తమ్ముళ్ళు కూడా కాదనలేదు అంటాడు.

మా కుర్రాడికి కర్ణుడి పక్షం ఇచ్చా. సినిమాల వల్ల కర్ణుడంటే వాడికి ప్రాణం, కానీ ఈ సభలో ఆయన అన్న మాటలు చదివేసరికి ముఖం మాడిపోయింది. "నేను ఇవి చెప్పను మేడం, తప్పు గదా" అన్నాడు. ఒప్పుకోమనలేదు నాయనా, సరిగ్గా చెప్పమన్నా అన్నా. వారం టైం తీసుకున్నాడు. వచ్చి కర్ణుడి వాదన ఎక్కడా బలహీనం చెయ్యకుండా, ఎగతాళి చెయ్యకుండా చెప్పాడు, వికర్ణుడి పక్షం తీసుకున్న అమ్మాయి అవును ఇదే అని ఒప్పుకుంది. తర్వాత వాడే అన్నాడు, "మేడం, ఇందులో ఒకటి పొసగట్లేదు, సర్వస్వంలోనే ఆమె పోయుంటే మళ్ళీ విడిగా పేరు పెట్టి ఎందుకు ఒడ్డినారు, విడిగా ఒడ్డినారంటే ముందు పోలేదనే గదా అర్థం."

ఇది నేను చెప్పలేదు, ఆ పేజీల్లోనూ లేదు, వాడు సొంతంగా పట్టుకున్నాడు. కర్ణుడి పక్షాన నిజాయితీగా నిలబడి చూశాడు కాబట్టే పట్టుకున్నాడు, మొదట్నుంచే కర్ణుడిది తప్పు అని కూర్చుంటే ఆ పాయింటు వాడికి కనపడేది కాదు.

అదే రోజు ఆ అమ్మాయి ఇంకో ప్రశ్న వేసింది. అంత ధైర్యంగా మాట్లాడిన వికర్ణుడు చివరికి కౌరవుల వైపే యుద్ధం చేసి భీముడి చేతిలో చచ్చిపోయాడు గదా, అయితే ఆ మాటకి విలువేంది అని. ఎవరమూ జవాబు తేల్చలేదు, నేనూ తేల్చలేదు, కొన్ని వారాల పాటు ఏ టాపిక్ ఎత్తినా ఎవరో ఒకరు మళ్ళీ వికర్ణుడి దగ్గరికి పోయేవాళ్ళు. న్యూమన్ గురించి ఒక్క ముక్క చెప్పకుండానే పిల్లలు న్యూమన్ ప్రశ్న దగ్గరికి వచ్చేశారు.

నీడ కొలిచిన రోజు

ఏప్రిల్ చివరి వారంలో చిత్తూరులో ఒక మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు, నిలువుగా పెట్టిన కడ్డీకి నీడ ఉండదు. ఆగస్టు మధ్యలో ఇంకోసారి వస్తుంది. ఫిజిక్స్ సార్ సాయంతో 2025 ఏప్రిల్‌లో ఆ రోజు గ్రౌండులో ఒక మీటరు కడ్డీ నిలబెట్టాం. రెండు వేల రెండొందల ఏళ్ళ కిందట ఎరటోస్తనీస్ ఈజిప్టులో రెండు ఊళ్ళ నీడలతో భూమి చుట్టుకొలత తేల్చిన లెక్కే ఇది. మన కుర్రాడి ఫ్రెండు హైదరాబాదులో ఉన్నాడు, అదే మధ్యాహ్నం అక్కడ మీటరు కర్ర నీడ కొలిచి ఫోటో పెట్టమన్నాం. హైదరాబాదు మనకంటే దాదాపు 460 కిలోమీటర్లు ఉత్తరాన ఉంది, అక్షాంశంలో తేడా 4 డిగ్రీల పైచిలుకు, అంటే అక్కడ నీడ 7.3 సెంటీమీటర్ల దగ్గర రావాలి.

ఫ్రెండు పంపింది 8 సెంటీమీటర్లు. లెక్క కడితే భూమి చుట్టుకొలత 36 వేల చిల్లర కిలోమీటర్లు వచ్చింది, ఉండాల్సింది 40 వేలు. కుర్రాడు నా దగ్గరికి వచ్చి మెల్లిగా అడిగాడు, "7.3 అని రాసేద్దామా మేడం, కరెక్ట్ ఆన్సర్ వచ్చేస్తుంది."

నేను వాణ్ణి తప్పు పట్టను. ఇంటర్‌లో ప్రాక్టికల్స్ రికార్డు అట్లాగే రాయించారు వాడి చేత, ఆన్సర్ ముందు, రీడింగ్స్ తర్వాత. అది వాడి దృష్టిలో మోసం కాదు, పద్ధతి. నేను ఉపన్యాసం ఏమీ ఇవ్వలేదు, ఒకటే అడిగా, 7.3 నువ్వు చూశావా అని. చూడలేదన్నాడు. మరి 8 ఎందుకు వచ్చిందో కనుక్కో అన్నా. రాత్రంతా వాడూ ఫ్రెండూ ఫోన్లో కొట్టుకున్నారు. కర్ర కొంచెం ఒరిగి ఉండొచ్చు, సూర్యుడు చుక్కలా ఉండడు కాబట్టి నీడ అంచు మసకగా ఉంటుంది, దాన్ని ఎక్కడ దాకా లెక్కపెట్టాలో తెలీలేదు, సరిగ్గా నడిమధ్యాహ్నం గడియారం 12 కొట్టినప్పుడు రాదు, మన వైపు అది దాటి పది పదిహేను నిమిషాలకి వస్తుంది, ఫ్రెండు కొలిచింది దానికంటే కొన్ని నిమిషాల ముందే. అర సెంటీమీటరు తేడా పడితే భూమి కొలత దాదాపు రెండున్నర వేల కిలోమీటర్లు మారిపోతుందని వాడే లెక్కేసి తెచ్చాడు. చార్టు మీద 36 వేలే రాశాడు, కింద ఈ కారణాలన్నీ రాశాడు.

గుణం అని మనం దేన్నంటామో దానికి నాకు దొరికిన సాక్ష్యాల్లో అన్నింటికంటే గట్టిది ఆ చార్టు. ఎవరూ మార్కులు వెయ్యని చోట, ఎవరూ పట్టుకోలేని చోట, చూసింది చూసినట్టు రాశాడు.

మామిడి గొడవ

అసలు పరీక్ష జూన్‌లో వచ్చింది. 2025లో తోతాపురి మామిడి రేటు పడిపోయింది. కిలోకి పల్ప్ (మామిడి గుజ్జు) తీసే ఫ్యాక్టరీ 8 రూపాయలు, ప్రభుత్వం 4, మొత్తం 12 వస్తుందని ప్రకటించారు, ఆ 8 కూడా చేతికి రావట్లేదని రైతులు రోడ్డెక్కారు. కర్ణాటక కాయ మన జిల్లాలోకి రాకుండా జూన్ మొదట్లో ఆర్డర్ ఇచ్చారు, దాని మీద కర్ణాటక ముఖ్యమంత్రి సిద్ధరామయ్య మన ముఖ్యమంత్రికి లెటర్ రాశారు. పల్ప్ ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్ల లైన్లు, కాయ వాటిలోనే మెత్తబడిపోతా ఉంది.

కుర్రాడి నాయన కాయ కూడా ఆ లైన్లోనే ఉంది, రాత్రిళ్ళు ట్రాక్టర్ దగ్గర వీడే పడుకున్నాడు. గ్రూపులో ఈ టాపిక్ పెట్టాలా వద్దా అని నేను చాలా ఆలోచించా. పెట్టకపోతే ద్రౌపదీ, నీడా వట్టి ఆటలుగా మిగిలిపోతాయనిపించి పెట్టా, అయితే వాణ్ణి ముందే విడిగా అడిగి, వాడు సరేనన్నాకే. గ్రూపులో ఇంకో అమ్మాయి ఉంది, వాళ్ళమ్మ సీజన్లో పల్ప్ ఫ్యాక్టరీలో కాయ కోసే పనికి పోతుంది. ఆ అమ్మాయికి రైతు పక్షం, వీడికి రెండు పక్షాలు, ఒకటి ఫ్యాక్టరీ ఓనర్, ఇంకోటి కోలారు జిల్లా శ్రీనివాసపురం రైతు.

మొదటి రోజు వాడు లేచి వెళ్ళిపోయాడు. "దొంగల తరఫున నేను మాట్లాడను" అన్నాడు. నేను పిలవలేదు. తర్వాతి శనివారం వాడే వచ్చాడు, నాలుగు పేజీలు రాసుకుని. ఫ్యాక్టరీ వైపు నుంచి, పోయినేటి పల్ప్ ఇంకా అమ్ముడుపోలేదనే వాళ్ళ మాట, పల్ప్ ఎక్కువగా పోయేది విదేశాలకి కాబట్టి అక్కడ ఆర్డర్లు తగ్గితే ఇక్కడ డబ్బు తిరగదనేది, ఇవి రాశాడు. శ్రీనివాసపురం రైతు వైపు రాసింది ఇంకా బాగుంది. వాళ్ళకి దగ్గర్లో ఇన్ని ఫ్యాక్టరీలు లేవు, ఏళ్ళ తరబడి కాయ చిత్తూరుకే తోలుకుంటా వచ్చారు, వాళ్ళల్లో చాలామంది ఇళ్ళల్లో మాట్లాడేది తెలుగే, చెట్టు మీద కాయ బార్డర్ చూసి పండదు, వాళ్ళకీ అప్పులున్నాయి. ఇది చదివేటప్పుడు గొంతు వణికింది వాడికి, ఎందుకంటే ఆ కాయ ఆగితేనే వాళ్ళ నాయన కాయకి లైన్లో చోటు దొరికేది.

రైతు పక్షం చెప్పిన అమ్మాయి కూడా వాళ్ళమ్మ కూలి ఎవరి చేతి నుంచి వస్తుందో తెలిసీ, రైతు మాట ఎక్కడా తగ్గించకుండా చెప్పింది. ఆమె గురించి వేరే కేసే రాయాలి.

ఈ విషయం ఇంట్లో తెలిసి నాయనకి కోపమొచ్చింది. "నిన్ను కాలేజీకి పంపింది ఫ్యాక్టరీ వాళ్ళ మాట మాట్లాడ్డానికేనా" అని అడిగాడంట, రెండు రోజులు కొడుకుతో మాట్లాడలేదు. ఇట్లాంటి చదువుకి ఈ ఖర్చు ఉంటుంది, దాచాల్సిన పని లేదు. ఎదుటి పక్షం అర్థం చేసుకున్న పిల్లోడు కొన్ని రోజులు సొంతోళ్ళకి పరాయోడిలా కనపడతాడు, ఆ రోజుల్లో టీచరు వాడికి తోడుండాలి.

ఆ తర్వాత జరిగింది చెప్తా. ఊళ్ళో రైతులు సోమవారం గ్రీవెన్స్‌లో కలెక్టరుకి అర్జీ ఇవ్వాలనుకున్నారు, రాయమని వీడికే చెప్పారు. అంతకుముందైతే "రైతులకి న్యాయం చెయ్యాలి" అని పేజీ నిండా రాసేవాడు. ఈసారి అడిగింది ఒక్కటే, కాయ దించిన ప్రతి రైతుకీ తేదీ, తూకం, కిలో రేటు రాసిన స్లిప్ అదే రోజు ఇప్పించాలి, అది లేకపోతే ఫ్యాక్టరీ ఎంత ఇచ్చిందో రేపు ఎవరూ రుజువు చెయ్యలేరు అని. ఫ్యాక్టరీ వైపు నిలబడి ఆలోచించాను కాబట్టి వాళ్ళు ఎక్కడ తప్పించుకుంటారో తెలిసింది మేడం అన్నాడు. ఆ అర్జీ నాయనకి చదివి వినిపించాడు. నాయన ఏమీ అనలేదంట, సంతకం పెట్టాడు.

ఏది మారలేదు

ఇంగ్లీషు అట్లాగే ఉంది. ఒక కంప్యూటర్ పేపర్లో మార్కులు తగ్గాయి, శనివారాల టైం ఇటు పోవడం కూడా కారణం కావచ్చు. క్యాంపస్ డ్రైవ్‌లో ఈ గ్రూపు వల్ల వాడికి ఏ లాభమూ రాలేదు, అక్కడ ఎవరూ కర్ణుడి గురించి అడగరు. తమ్ముడి మీద ఇంకా అరుస్తాడని వాడే చెప్పాడు. గ్రూపులో మొదట చేరినోళ్ళల్లో సగం మంది దాకా మానేశారు, కొంతమంది పార్ట్ టైం పనుల వల్ల, కొంతమందికి మార్కులు రాని పని ఎందుకనిపించింది. వాళ్ళని నేను తప్పు పట్టను, ఇంటి పరిస్థితి అట్లాంటిది.

ఇదంతా గ్రూపు వల్లే జరిగిందని కూడా నేను అనలేను. ఒక్క పిల్లోడు, పోల్చి చూడ్డానికి ఇంకోడు లేడు, వయసుతో పాటు వచ్చే మార్పు ఉంటుంది, ట్రాక్టర్ దగ్గర గడిపిన రాత్రులు కూడా మనిషిని మారుస్తాయి. న్యూమన్ చెప్పినట్టు బుద్ధి పదునెక్కితే గుణం దానంతటదే రాదు, ఇది నేనూ ఒప్పుకుంటా, తెలివిగా అబద్ధం అల్లడానికి కూడా ఇదే పదును పనికొస్తుంది. కానీ ఈ రెంటికీ మధ్య ఒక దారి నాకు కనపడింది. ఎదుటోళ్ళ మాటని వాళ్ళు ఒప్పుకునేలా చెప్పడం అనేది తెలివితో చేసే పని, అదే సమయంలో మనిషితనంతో చేసే పని కూడా, అందులో ఒకదాన్ని వదిలేసి ఇంకోదాన్ని చెయ్యలేం. ఎదుటోళ్ళని చులకన చేస్తే వాళ్ళ మాట తప్పుగా చెప్తావు, వాళ్ళు ఒప్పుకోరు, మళ్ళీ మొదట్నుంచి. చూసిన రీడింగ్ చూసినట్టు రాయడం కూడా ఇట్లాంటిదే. గుణం గురించి పాఠం చెప్పే బదులు ఇట్లాంటి పనులు వెతికి, విసుగొచ్చినా సరే పిల్లల చేత మళ్ళీ మళ్ళీ చేయించాలి.

ఎవరన్నా మీ కాలేజీలో మొదలుపెడితే, కులం, పార్టీ, సినిమా హీరోలు ఈ మూడూ మొదటి కొన్ని నెలలు తీసుకోకండి, రూలు వంటబట్టకముందే గ్రూపు విరిగిపోతుంది. పాత కథతో మొదలుపెట్టండి, తర్వాత చేత్తో కొలిచేది ఏదన్నా చెయ్యండి, సొంత కడుపుకి సంబంధించిన టాపిక్ ఆ తర్వాతే. సొంత టాపిక్ తెచ్చేముందు ఆ పిల్లోణ్ణో పిల్లనో విడిగా అడగండి. టీచరు చివర్లో తీర్పు చెప్పకుండా ఉండాలి, ఇది అన్నింటికంటే కష్టం, పిల్లలు మీ ముఖం చూసి జవాబు చదువుతారు.

కుర్రాడు ఇప్పుడు ఫైనలియర్. కొత్త బ్యాచ్‌ని శనివారాలు వాడూ, రైతు పక్షం చెప్పిన అమ్మాయీ కలిసి నడుపుతున్నారు, నేను వెనక బెంచీలో కూర్చుంటున్నా. ఈసారి హంద్రీ-నీవా కాలవ నీళ్ళ మీద పెడదామనుకుంటున్నారు, ఏ చెరువు ముందు నిండాలి, ఎవరు ఆగాలి అని, గ్రూపులో కుప్పం వైపు పిల్లలూ ఉన్నారు, పలమనేరు వైపు పిల్లలూ ఉన్నారు. మీ దగ్గర ఇట్లాంటి గ్రూపు నడిపినోళ్ళు ఉంటే ఏం జరిగిందో రాయండి, ముఖ్యంగా మధ్యలో మానేసిన పిల్లల్ని వెనక్కి తెచ్చుకోగలిగారా అనేది, మాకు ఇప్పుడు కావాల్సింది అదే.